గాజు షెడ్డులో ఆదివారాలు

నేను మొదటిసారి ఊదిన గాజు బుడగ టప్పున పేలిపోయింది. ఉల్లిపొరల్లాంటి ముక్కలు షెడ్డంతా ఎగిరాయి. ఒకటి నా పక్కన కూర్చున్న రేడియో మెకానిక్ జుట్టులో చిక్కుకుంది. ఆయన దాన్ని మెల్లగా తీసి, వెలుతురుకు పట్టి చూసి, "ఉస్తాద్, గీ మేడం ఉండంగ మంటకు తిత్తి ఎందుకు? గాలి గూడ ఈమెతోనే కొట్టిస్తే అయిపాయె" అన్నాడు. అక్కడున్న ఆరేడుగురూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. బీఎస్సీ పాసైనదాన్ని, కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునేదాన్ని, ఆదివారం పూట బస్సెక్కి వచ్చింది ఇంతమంది మగవాళ్ల ముందు నవ్వులపాలు కావడానికా అనుకున్నాను. చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టి లేవబోయాను.

"కూసో బిడ్డా" అన్నాడు ఉస్తాద్. అక్కడ పని నేర్పేది ఆయనే. ఆయన ఒక్కడే నవ్వలేదు. "ఇంట్ల కట్టెలపొయ్యా?"

"అవును."

"తెలుస్తాంది. పొయ్యి ఊదినట్టు ఊదుతానవ్. గాజును గట్ల ఊదద్దు. పసిపిల్ల కంట్ల నలుసు పడితె ఎట్ల ఊదుతవో గట్ల ఊదాలె."

మళ్లీ కూర్చున్నాను. రెండో బుడగ కూడా పేలింది. మూడోది కాస్త వంకరగా, నిమ్మకాయంత అయి నిలబడింది. నా డిగ్రీ సర్టిఫికెట్‌ను కూడా నేనంత మురిపెంగా చూసుకోలేదు.

ఇది డెబ్బైల చివరి మాట. హన్మకొండలో ఒక కాలేజీలో నాది టెంపరరీ ఉద్యోగం. ప్రాక్టికల్స్‌కు ముందు గాజు సామాను అమర్చాలి, అయ్యాక కడిగి బీరువాలో పెట్టాలి. ఆ కడగడంలోనే నా చేతి మహిమ బయటపడేది. బ్యూరెట్ల కొనలు, పిపెట్ల మూతులు, ఫ్లాస్కుల మెడలు, ఒకటని కాదు. మా డిపార్టుమెంటు హెడ్డు సారు మంచి ఓర్పు గల మనిషి. ఒకరోజు విరిగిన ముక్కలన్నీ ట్రేలో పేర్చి నా ముందు పెట్టి, "పగలగొట్టడం నీకు బాగానే వచ్చేసిందమ్మా. ఇక అతికించడం కూడా నేర్చుకుంటే సరిపోతుంది" అన్నాడు. కాజీపేటలో గాజు షెడ్డు ఎక్కడుందో ఆయనే చెప్పాడు.

షెడ్డు రైల్వే క్వార్టర్ల వెనక ఉండేది. రేకుల కప్పు, మట్టి నేల, రైలు పోయినప్పుడల్లా గలగలమనే అలమర. చుట్టుపక్కల ఏ కాలేజీలో గాజు సామాను విరిగినా అక్కడికే చేరేది. వారమంతా ఉస్తాద్ ఆ పని చేసేవాడు. ఆదివారం పొద్దున మాత్రం షెడ్డు అందరిదీ. ఎవరొచ్చి నేర్చుకుంటానన్నా కాదనేవాడు కాదు, ఫీజు ఊసే లేదు. రేడియో మెకానిక్, ఇద్దరు ముగ్గురు ల్యాబు అటెండర్లు, హసన్‌పర్తి నుంచి సైకిలు మీద వచ్చే సైన్సు టీచరు, రిటైరైన రైల్వే గార్డు ఒకాయన. మీకెందుకండీ ఈ పని అని గార్డుగారిని అడిగితే, "ముప్పై ఏండ్లు జెండ ఊపిన. ఇప్పుడు చేతులు ఊకె ఉంటలెవ్వు" అన్నాడు.

ఉస్తాద్ పని నేర్చుకుంది హైదరాబాదులో. అక్కడ నేర్పినాయన అసలైన అతుకు వచ్చినప్పుడల్లా వీపు తిప్పి కూర్చునేవాడట. ఆ వీపును చూస్తూ ఏళ్లు గడిపానని ఉస్తాద్ చెప్పేవాడు. "నా దగ్గరికొచ్చినోళ్లకు నా ఈపు సూపియ్యద్దని అప్పుడే అనుకున్న" అనేవాడు. అందుకే ఆయన బల్ల గోడవారన ఉండేది కాదు. షెడ్డు నడుమ వేసుకున్నాడు. చుట్టూ ఎవరైనా, ఎటునుంచైనా చూడవచ్చు.

ఆయన పని చేస్తుంటే చూడడం ఒక భాగ్యం. బల్ల మీద మంట, కింద కాలితో తొక్కే తోలు తిత్తి. గాజు గొట్టాన్ని రెండు చేతులతో పట్టి మంటలో తిప్పేవాడు. తిప్పుడు ఆగకూడదు, రెండు చేతులూ ఒక్కలాగే తిరగాలి. నేను తిప్పితే కుడిచెయ్యి ముందు, ఎడమచెయ్యి వెనక, గొట్టం జిలేబీ చుట్టుకునేది. ఆయన చేతుల్లో మాత్రం అది తనంతట తానే తిరుగుతున్నట్టుండేది. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఎవరినైనా తిడుతున్నా వేళ్లు మాత్రం తమ పని మరిచిపోయేవి కావు. గాజు మెత్తబడగానే మంట పసుపుపచ్చగా మారేది. అప్పుడు పళ్ల నడుమ పట్టుకున్న సన్నటి రబ్బరు గొట్టంలోంచి కొంచెం ఊపిరి వదిలేవాడు. ఆ రబ్బరు గొట్టం రెండో చివర గాజుకు తగిలించి ఉంటుంది. కుంగిపోబోతున్న గాజు ఆ ఊపిరికి లేచి, నునుపుగా సర్దుకుని, ఎక్కడ అతికిందో తెలియకుండా ఒకటైపోయేది. ఎన్ని ఆదివారాలు చూసినా నాకు విసుగు రాలేదు. ఇప్పటికీ చెప్తున్నాను, అంత అందమైన పని నేను ఇంకొకటి చూడలేదు.

ఆ షెడ్డుకు కొన్ని కట్టుబాట్లుండేవి. మొదటిది ఎంగిలి గురించి. నోట్లో పెట్టుకునే రబ్బరు గొట్టం ఎవరిది వాళ్లదే. గోడకు వరసగా మేకులు, మేకుకొక గొట్టం, గుర్తుకు ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. నాది ఆకుపచ్చ. ఉస్తాద్ గొట్టానికి దారం లేదు, దాన్ని ఎవరూ ముట్టేవారు కాదు. ఆయన ముస్లిం, నాది వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు. నేను అక్కడ చాయ్ తాగుతానంటేనే మా అమ్మ మొహం ముడుచుకునేది. ఈ దారాల సంగతి చెప్పి ఆమెను ఒప్పించుకున్నాను.

రెండోది ఎనిమిది రోజుల కట్టుబాటు. ఏ అతుకునైనా గాలి తగ్గించిన మసిమంటలో నల్లబడేదాకా తిప్పి, బూడిదలో పూడ్చి చల్లార్చి, అలమరలో పెట్టేవాళ్లం. ఎనిమిది రోజులు ముట్టకూడదు. తొందరపడి చల్లార్చిన అతుకు ఏ మంగళవారమో బుధవారమో, ఎవరూ తాకకుండానే చిటుక్కుమని చీలేది. వచ్చే ఆదివారం దాకా నిలిస్తేనే ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకునేవాడు. నిలిచినా సరే, కంటికి వంక కనిపిస్తే ఆకురాయితో గీసి, టిక్కుమని విరిచి బుట్టలో వేసేవాడు. అందులో తన పర భేదం లేదు. తన పనినీ అలాగే విరిచేవాడు. నావి నాలుగు నెలల్లో ఎన్ని బుట్టలో పడ్డాయో నేను లెక్కపెట్టుకోలేదు, ఏడుపు వస్తుందని.

పదింటికి ఉస్తాద్ భార్య చాయ్ తెచ్చేది. ఆమెను చాచీ అనేదాన్ని, ఆ వరసలో ఉస్తాద్ నాకు చాచా అయ్యాడు. ఒక ఆదివారం ఆమె నన్ను గిన్నెలు అందుకునే నెపంతో బయటికి పిలిచింది.

"బిడ్డా, నువ్వొక్కదానివే ఆడపిల్లవు ఈడ. నీకు చెప్తాన. మీ చాచాను ఛాతీ దవాఖానకు తీస్కపోయినం ఎండకాలంల. ఊదుడు బంద్ జెయ్యాలె అన్నడు డాక్టరు. ఊపిరితిత్తి ఒకటి ఖరాబైందట. ఇంక ఊదితె రెండోది గూడ పోతది, నేను జిమ్మెదారి గాదు అన్నడు. ఈయన ఇంటలేడు. నీ మాటన్న ఇంటడేమో జర చెప్పు."

ఆయన దగ్గేవాడు, నిజమే. పొగ అనుకున్నాను. నేను ఇన్నాళ్లూ నోరు తెరుచుకుని మెచ్చుకున్న ప్రతి ఊపిరీ ఆయనకు ఎంత పడుతోందో అప్పుడు అర్థమైంది.

ఏ విషయమైనా నెమ్మదిగా చెప్పే గుణం నాకు లేదు. అందరూ వెళ్లేదాకా కూడా ఆగలేదు. "చాచా, నువ్వు ఊదుడు బంద్ చెయ్యాలె" అన్నాను నిలబెట్టి.

"ఊదకుండ గాజు పని ఎట్లయితది?"

"మేం ఇంతమందిమి లేమా? చెయ్యి నువ్వు ఆడియ్యి, మేం ఊదుతం."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం కూడా ఉంది. "గాజు మెత్తబడ్డది ముందుగాల చేతికి తెలుస్తది. చేతికి తెలిసిందాన్ని ఊపిరి ఇంటది. రెండు ఒకటే మనిషివి గావాలె. చెయ్యి ఒకరిది, ఊపిరి ఒకరిదైతే గాజు ఎవలి మాట ఇనాలె? నా గాజుల వేరేటోళ్ల ఊపిరి పోదు బిడ్డా. నేను పోయినంక మీ ఇష్టం."

"అయితే గట్లనే పో" అనేసి వచ్చాను. అనకూడని మాట. బస్సులో హన్మకొండ దాకా ఏడుస్తూనే ఉన్నాను. రెండు ఆదివారాలు అటు పోలేదు. కోపం నాది, నష్టమూ నాదే. మూడో ఆదివారం సిగ్గు విడిచి వెళ్తే ఆయన ఏమీ జరగనట్టు, "మేకుకు నీ గొట్టం ఎండిపోయింది, కడుక్కొని రా" అన్నాడు.

ఆ చలికాలంలోనే మా కాలేజీ పెద్ద కండెన్సర్ చీలింది. అది ఆవిరిని నీళ్లుగా మార్చే సామాను. లావుపాటి గాజు గొట్టం లోపల పాములా చుట్టుకున్న సన్న గొట్టం ఉంటుంది. ఆ సన్న గొట్టం కొన పెద్దదానిలోంచి బయటికొచ్చే చోట అతుకు చుట్టూ సన్నటి గీత పడింది. ఈసారి నేను పగలగొట్టలేదు, దేవుడి తోడు. అలాంటిది కాలేజీలో ఒక్కటే ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. హెడ్డు సారు దాన్ని గుడ్డలో చుట్టి నాకిస్తూ, "మీ ఉస్తాద్‌కు ఆరోగ్యం బాలేదని విన్నాను. ఆయన వల్ల అవుతుందా? కాకపోతే చెప్పు. ఇకమీదట మన సామానంతా హైదరాబాదుకే పంపించేద్దాం" అన్నాడు. ఆయన చెడుగా అనలేదు. కానీ మా కాలేజీ పని పోతే మిగతా కాలేజీలూ ఆగవు. ఆ పని లేకుంటే షెడ్డు లేదు, ఆదివారాలు లేవు.

నేను ఆ మాట ఉస్తాద్‌కు చెప్పి ఉండకూడదు. చెప్పాను. ఆయన కండెన్సర్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఆదివారం అందరి ముందట చేస్త" అన్నాడు. చాచీ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ ఆదివారం ఒక్కరు కూడా మానలేదు. చుట్టూ నిలబడ్డాం. పాత అతుకును ఆయన వేడి చేసి విడదీశాడు, అంచులు నునుపు చేశాడు, సన్నగొట్టం కొనను పెద్దదాని రంధ్రంలో నిలబెట్టాడు. ఇక కలపాలి. ఈ అతుకు గుండ్రంగా, లోపలా బయటా ఒకేసారి కరగాలి. మధ్యలో మంటలోంచి తీస్తే చీలుతుంది. ఊపిరి ఆపితే లోపలికి కుంగి రంధ్రం మూసుకుపోతుంది. మంట పసుపెక్కింది. ఆయన ఊపిరి వదిలాడు. గాజు లేచింది. మళ్లీ వదిలాడు. సగం చుట్టు నునుపైంది. రేడియో మెకానిక్ నోరు మెదపడం లేదు.

అప్పుడు దగ్గు వచ్చింది. రబ్బరు గొట్టం నోట్లోంచి జారి ఆయన గుండెల మీద వేలాడింది. మొహం పక్కకు తిప్పుకుని దగ్గుతున్నాడు, భుజాలు ఎగిరిపడుతున్నాయి, కానీ చేతులు! ఆ చేతులు మాత్రం గాజును మంటలో తిప్పుతూనే ఉన్నాయి. ఎర్రబడ్డ అతుకు మెల్లగా లోపలికి కుంగడం మొదలుపెట్టింది.

గోడ దాకా వెళ్లి నా ఆకుపచ్చ దారం గొట్టం తెచ్చుకునే వ్యవధి లేదు. ఆలోచించానని చెప్పను, ఆలోచించలేదు. ఆయన గుండెల మీద వేలాడుతున్నదాన్ని అందుకుని నోట్లో పెట్టుకున్నాను. రబ్బరు తడిగా ఉంది. ఊదాను.

కుంగిన గాజు ఆగింది. ఇంకొంచెం ఊదాను, లేచింది. ఉస్తాద్ దగ్గు ఆపుకుని నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉందో భయం ఉందో తేల్చుకునే తీరిక ఎవరికి? ఆయన కనుబొమలు పైకి ఎత్తాడు. ఊదమని అర్థమైంది. కళ్లు మూశాడు. ఆపాను. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఊదాను. ఎవరూ నేర్పని ఆ భాష మా ఇద్దరికీ ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. చుట్టు పూర్తయింది. మంటను మసిమంట చేసి, నల్లబడేదాకా తిప్పి, అప్పుడు గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

తువ్వాలతో నోరు తుడుచుకుని, తుడిచిన వైపు లోపలికి మడిచాడు. మేం చూడకూడదని. నేను చూశాను. తలుపు దగ్గర నిలబడ్డ చాచీ కూడా చూసింది.

షెడ్డులో ఎవరూ కదల్లేదు. దారాలు కట్టి ఏళ్ల తరబడి కాపాడుకున్న కట్టుబాటు అది. ఒక ఆడపిల్ల అందరి ముందు ఆయన ఎంగిలి గొట్టం నోట్లో పెట్టుకుంది. నాకు కూడా అప్పుడే గుర్తొచ్చింది. నోరు కడుక్కోవాలనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది, సిగ్గేసినందుకు మొండిగా కదలకుండా నిలబడ్డాను.

"పోయి నోరు కడుక్కో" అన్నాడు ఉస్తాద్.

"అవసరం లేదు."

"నా ఛాతీ మంచిది గాదని నీకు తెల్సు గదా! పో! సబ్బు పెట్టి కడుక్కో!" అని అరిచాడు. ఆయన అరవడం అదే మొదటిసారి విన్నాను. వెళ్లి కడుక్కున్నాను. చాచీ చెంబుతో నీళ్లు పోస్తూ ఏడ్చింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన అతుకు మీది మసి ఒక పక్క తుడిచి చూస్తున్నాడు. నాకు కూడా కనిపించింది. చుట్టంతా నునుపుగా ఉంది గానీ ఒకచోట, నేను మొదట కంగారుగా ఊదిన చోట, శనగగింజంత ఉబ్బు. ఆకురాయి ఆయన చేతి పక్కనే ఉంది. అతుకు కింద గీసి విరిచి మళ్లీ మొదలుపెడతాడని, మళ్లీ ఊదుతాడని భయపడ్డాను. ఆయన చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత అలాగే బూడిదలో పూడ్చాడు.

ఆ ఎనిమిది రోజులు నేను ల్యాబులో ఒక్క వస్తువు కూడా పగలగొట్టలేదు. చేతులు ఇక్కడ, మనసు ఆ అలమరలో. ఇంట్లో చెప్పలేదు. చెప్తే అమ్మ గొట్టం సంగతి పట్టుకునేది, నాకు అతుకు సంగతి ముఖ్యం.

అది నిలిచింది. సోమవారం ఉస్తాద్ దాన్ని తానే పట్టుకుని కాలేజీకి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ వచ్చినవాడు కాదు. ఇస్త్రీ లాల్చీ, టోపీ, చేతుల్లో పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుడ్డలో కండెన్సర్. హెడ్డు సారు దాన్ని స్టాండుకు బిగించి నల్లా విప్పాడు. నీళ్లు పారాయి. అతుకు చుట్టూ పొడిగుడ్డతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. చుక్క లేదు.

అప్పుడు సారు వేలు ఆ ఉబ్బు మీద ఆగింది.

"ఇదేమిటి ఉస్తాద్? మీ పనిలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదే. ఆరోగ్యం..."

నేను బీరువా తలుపు పట్టుకుని నిలబడ్డాను. నేను చేసిన తప్పు అది, చెప్పెయ్యాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఉస్తాద్ నా వంక చూడకుండానే అందుకున్నాడు.

"అది గట్లనే ఉండాలె సార్" అన్నాడు. "ఆడ జర గాజు ఎక్కువుంటె బలం."

వెంట్రుకవాసి వంకరున్నా తన పనిని తానే విరిచి పారేసే మనిషి. నా కళ్లముందే నావి ఎన్ని విరిచాడో. ఆయన అంత నిబ్బరంగా, లాల్చీ గుండీ సర్దుకుంటూ అబద్ధమాడాడు. సారు ఆయన వంక కాసేపు చూసి, తల ఊపి, "సరే ఉస్తాద్. మన సామాను ఎప్పటిలాగే మీ దగ్గరికే" అన్నాడు.

వరండాలో నేను వెంట నడిచాను. మెట్ల దగ్గరికి వచ్చాక, "చాచా, అబద్ధం చెప్పినవ్" అన్నాను.

"చెప్పిన" అన్నాడు. రెండు మెట్లు దిగి, రొప్పు తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు. "కని రోజూ చెప్పుడు నాతోని గాదు. వచ్చే ఆదివారం ఒక గంట ముందుగాల రా. నా పక్కనే కూసోని ఊదాలె గదా నువ్వు, ఆ ఊపిరి జర తగ్గియ్యుడు నేర్పుత."